పైనుంచే ప్రాబ్లమా? అయితే ఆ పైనున్నవారికే ఈ బహిరంగ లేఖ

మా ఇంటికి కేబుల్ మీద ఇంటర్నెట్ ఇస్తున్న కంపెనీ యాజమాన్యానికి, కావలిలో మా పేట లైను చూసుకునే ఆపరేటరు గారికి,

నమస్కారం. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, రాత్రి ఎనిమిదిన్నర దాటాక మా వైపు కుశలం అంతంతమాత్రమే కాబట్టి నేరుగా సంగతికొస్తాను.

మీ లైను అబ్బాయికి ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే మాట: "పైనుంచే ప్రాబ్లం మేడం." వాన పడితే పైనుంచి. ఎండ కాస్తే పైనుంచి. ఆ పిల్లాణ్ణి తప్పుపట్టను, అతనికి నేర్పిన మాట అది. పోనీ కస్టమర్ కేర్‌కి చేద్దామా అంటే, పావుగంట పాట వినిపించి, "మీ లోకల్ ఆపరేటర్‌ని కాంటాక్ట్ చేయండి" అంటారు. అంటే కింద. కిందివాళ్లు పైకి చూపిస్తారు, పైవాళ్లు కిందికి చూపిస్తారు, నేను త్రిశంకుడిలా మధ్యలో వేలాడతాను. అసలు ఈ పైన అనే చోటు ఎక్కడుందో కనుక్కుందామని నెల రోజులు నోట్‌బుక్కు పెట్టి లెక్క రాశాను. ఆ లెక్కే ఈ ఉత్తరం. మీ కంపెనీ పేరు రాయడం లేదు. రాస్తే మిగతా కంపెనీలవాళ్లు మీసం మెలేస్తారు, వాళ్ల కనెక్షన్లున్న మా చుట్టాలు చెప్పేదీ ఇంచుమించు ఇదే కథ.

నేను ఇంట్లోంచి లెక్కలు చెప్పుకునే టీచర్ని. 2020 దాకా బడిలో చెప్పాను. కరోనాకి బడి మూతపడ్డాక వెనక గదిలో ఒక తెల్లబోర్డు, ఒక ట్యాబు, మీ కనెక్షను పెట్టుకుని మొదలుపెట్టాను, ఇప్పుడు అదే తిండిపెడుతోంది. సాయంత్రం ఆరున్నరకి పదో తరగతి, రాత్రి ఎనిమిదిన్నరకి ఇంటరు. రెండో బ్యాచ్‌లో కువైట్‌లో ఉంటున్న మన జిల్లా వాళ్ల పిల్లలు ముగ్గురున్నారు. మనకి ఎనిమిదిన్నర అంటే వాళ్లకి ఆరు, బడి నుంచి వచ్చి ఇంత తిని కూర్చునే వేళ. ఆ టైం జరపడానికి లేదు.

పోయిన నెల ఒక రాత్రి ఇంటిగ్రేషన్ చెబుతున్నాను. రెండో స్టెప్పులో మైనస్ పెట్టాను. పెట్టానని నేననుకుంటున్నాను, పిల్లలకి ఆ మైనస్ చేరలేదు. వాళ్ల తెర మీద నా చెయ్యి బోర్డుకి అతుక్కుపోయింది. నాలుగు నిమిషాల పాటు ఎవరూ వినని పాఠం చెప్పి, "డౌట్లున్నాయా?" అని కూడా అడిగాను. లైను మళ్లీ అందుకున్నాక కువైట్ పిల్ల గొంతు వినపడింది: "మేడం, మీరు నోరు సున్నా చుట్టి ఆగిపోయారు, స్క్రీన్‌షాట్ తీశాం." ఆ స్క్రీన్‌షాటే ఇప్పుడు మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపుకి బొమ్మ. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను. ఫీజు కట్టేటప్పుడు ఒక తండ్రి మాత్రం నవ్వలేదు.

ముందు ధర సంగతి. లెక్కల టీచర్ని గదా, చెయ్యి అటే పోతుంది.

మీవాళ్లు మా గేటుకి కట్టిపోయిన ఫ్లెక్సీ ముక్క ఇంకా ఉంది. "599కే 100 ఎంబీపీఎస్." ఎంబీపీఎస్ అంటే నెట్టు వేగానికి కొలత. అందులో 100 అరచెయ్యంత. దాని పక్కన "వరకు" అనే మాట చీమ తలకాయంత. 599 పక్కన ఒక చుక్క, ఆ చుక్కకి అర్థం ఎక్కడో అడుగున: పన్నులు అదనం. 18 శాతం జీఎస్టీ కలిపితే 706 రూపాయల 82 పైసలు. మీ అబ్బాయి 710 పట్టుకెళతాడు, ఆ మూడు రూపాయల చిల్లర కోసం నేను పోట్లాడను. కానీ 599 చూసి కనెక్షన్ పెట్టించుకున్న మా పక్కింటావిడకి 710 సంగతి డబ్బులు కట్టే రోజునే తెలిసింది. కిరాణా కొట్లో సబ్బు మీద వేసే ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. నాలుగు రూపాయల షాంపూ ప్యాకెట్టుకున్న మర్యాద ఇంటర్నెట్టుకి లేకపోయింది.

నేను తీసుకున్నది ఆరు నెలల ప్లాను. ఐదు నెలలకు కడితే ఆరో నెల ఉచితం అన్నారు. 599ని ఐదుతో హెచ్చవేస్తే 2,995. జీఎస్టీ 539 రూపాయల 10 పైసలు. మొత్తం 3,534 రూపాయల 10 పైసలు, ఆరుతో భాగిస్తే నెలకు 589. కాగితం మీద బాగానే ఉంది. అయితే ఆ ఉచితం నెలకి ఖరీదు లేదనుకోవద్దు. నెలనెలా కట్టేవాళ్లు "బాగుచెయ్యకపోతే వచ్చే నెల కట్టం" అనగలరు. ఆరు నెలల డబ్బు ముందే మీ చేతిలో పోసినవాళ్లకి ఆ మాట అనే దారి లేదు. నోరు అద్దెకిచ్చుకున్నట్టు. పైగా రౌటరు డిపాజిట్టు 1,500. రసీదు అడిగితే, "సిస్టంలో ఉంటాది మేడం" అన్నాడు. ఎవరి సిస్టంలో నాయనా?

ఒక్క మాట ఒప్పుకోవాలి, ధర ఎక్కువని నా ఫిర్యాదు కాదు. 2017 డిసెంబరులో రాష్ట్ర ఫైబర్ గ్రిడ్‌ని రాష్ట్రపతి వచ్చి ప్రారంభించినప్పుడు, నెలకి 149 రూపాయలకే టీవీ, ఫోను, 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్టు అంటే మేమంతా నోరెళ్లబెట్టాం. కరెంటు స్తంభాల మీదుగా లాగిన ఆ ఫైబరును చూశాకే మా పేటలో చాలామందికి ఎంబీపీఎస్ అనే మాట తెలిసింది. అప్పటికీ ఇప్పటికీ పోలిస్తే 589కి 100 అనేది చవక బేరమే. నిజంగా 100 ఇస్తే.

అది కొలిచే ముందు నా ఇంట్లో తప్పులు సరిచేసుకున్నాను, ఆ మాట కూడా రాయాలి. మీ రౌటరు రెండేళ్లుగా ఇనుప బీరువా వెనక దాక్కుని ఉంది. వైఫై అక్కడే సగం చచ్చిపోయేది. తీసి హాల్లో అటక మీద పెట్టాను. నా పాత ఫోను 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తప్ప ఎరగదు. అందులో చుట్టుపక్కల ఇళ్ల వైఫైలన్నీ సంతలోలాగా ఒకదాని మీద ఒకటి అరుస్తుంటాయి, 30, 35 దాటి రాదు. అది మీ లెక్కలో వేయడం అన్యాయం. కాబట్టి ల్యాప్‌టాప్‌కి వైరు పెట్టి, ఇంట్లో ఫోన్లన్నీ కట్టేసి, టీవీలో యూట్యూబు ఆపేసి కొలిచాను. ఉదయం ఆరుకి, మధ్యాహ్నం మూడుకి, రాత్రి తొమ్మిదికి. ముప్పై రోజులు. మా అత్తయ్య మొదటి వారం వింతగా చూసింది, రెండో వారం నుంచి తొమ్మిది కొట్టగానే, "ఏందమ్మా, నీ బీపీ చూసుకోలా?" అని ఆవిడే గుర్తుచేసేది.

ఉదయం ఆరుకి 92 నుంచి 97. శభాష్. మధ్యాహ్నం మూడుకి 80 పైన. రాత్రి తొమ్మిదికి 14 నుంచి 23 మధ్య, ఆదివారాలు 9, ఒక ఆదివారం 6.8. ఇది డౌన్‌లోడ్. నా పాఠం బయటికి వెళ్లే దారి అప్‌లోడ్, అది మీ ప్లాను కాగితంలో 20 అని ఉంది, రాత్రి తొమ్మిదికి ఒకటిన్నర, రెండు, చాలా రోజులు ఒకటిలోపే. నెల మొత్తంలో రాత్రి వేగం 50 దాటింది నాలుగు రోజులే. అందులో రెండు రాత్రులు వెనక వీధిలో ట్రాన్స్‌ఫార్మరు పోయి కరెంటు లేదు. వెనక వీధి చీకటైతేనే మా వీధికి వెలుగొచ్చింది. నిజానికి ఆ రెండు అంకెలు చూశాకే నాకు అసలు సంగతి అర్థమైంది, అది తర్వాత చెబుతాను.

నా వాట్సాప్ ఫిర్యాదు చూసి మీ ఆఫీసు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. మర్యాదస్తుడే. "మేడం, మీ లైన్లో యావరేజ్ అరవై పైనే చూపిస్తోంది" అన్నాడు. అయ్యా, లెక్కల టీచరు దగ్గర యావరేజ్ మాట ఎత్తారు. ఏడాది మొత్తానికి సగటు తీస్తే పెన్నలో నీళ్లు మోకాలి దాకా కూడా రావు, ఎక్కువ నెలలు ఇసకే. ఆ సగటు చూసుకుని 2021 నవంబరులో ఎవరైనా పెన్న దాటబోయారా? పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. తెల్లవారుజామున అందరూ నిద్రపోతున్నప్పుడు వచ్చే 97 నాకు ఎందుకు? నేను వాడేది రాత్రి. నేనే కాదు, ఊరంతా వాడేది రాత్రే. నూరు ఎంబీపీఎస్‌కి 589 అయితే ఎంబీపీఎస్ ఒక్కింటికి ఆరు రూపాయల్లోపు. రాత్రి వచ్చే 20కి లెక్కేస్తే ఇరవై తొమ్మిదిన్నర. మీరు నాకు అమ్మింది మొదటి రేటు, నేను కొంటున్నది రెండోది.

పంచుకోవడం తప్పని నేను అనను. స్టేషను దగ్గర షేర్ ఆటో ఎక్కితే పది మందిమి ఒద్దికగా కూర్చుంటాం, అందుకే కొద్ది డబ్బులతో ఇల్లు చేరతాం. ఇంటర్నెట్టూ అంతే. 2009లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఇళ్ల కనెక్షన్లకి ఒకటికి యాభై దాకా పంచుకోవచ్చని ఉంది, వ్యాపార కనెక్షన్లకి ఒకటికి ముప్పై. యాభై ఇళ్లూ ఒకేసారి పూర్తి వేగం లాగవు కాబట్టి ఆ ఏర్పాటు నడుస్తుంది. నా బాధల్లా షేర్ ఆటో నడుపుతూ అద్దం మీద "స్పెషల్" అని బోర్డు పెట్టడం గురించి.

ఇక్కడ మా అత్తయ్యకి వచ్చిన అనుమానం మీ కస్టమర్లలో చాలామందికి ఉంటుంది. "నీ నెట్టు ఆగిపోయిందంటావు, నా సీరియల్ శుభ్రంగా వస్తా ఉందే, రెండూ ఒక వైరేగా?" అంది. ఒక వైరే. గోడలోంచి వచ్చే నల్ల కేబుల్ ఒక స్ప్లిట్టరు దగ్గర రెండుగా చీలి, ఒకటి సెట్‌టాప్ బాక్సుకి, ఒకటి మోడెంకి పోతుంది. సీరియల్ అనేది ఊరంతటికీ ఒక్కటే. ఒక ఇల్లు చూసినా వెయ్యి ఇళ్లు చూసినా వైర్లో అది పట్టే చోటు అంతే. గుళ్లో మైకులాంటిది, వినేవాళ్లు పెరిగినంత మాత్రాన గొంతు తగ్గదు. ఇంటర్నెట్టు అలా కాదు, ఎవరి మూట వాళ్లకి విడిగా కట్టి పంపాలి. మోడెంలో 192.168.100.1 అని కొడితే ఒక పేజీ వస్తుంది, మా అన్న కొడుకు నేర్పాడు, వాడు చెన్నైలో నెట్‌వర్క్ పని చేస్తాడు. ఆ పేజీలో మాకు ఎనిమిది ఛానళ్లు కనిపిస్తున్నాయి, టీవీ ఛానళ్లు కాదు, కేబుల్లో నెట్టు వచ్చే దారులు. ఎనిమిది మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఒక్కో ఛానల్లో సుమారు 50 ఎంబీపీఎస్ పడుతుందట. ఎనిమిదీ కలిపితే 400. ఆ 400 నా ఒక్కదానిది కాదు, నా నోడ్ మీదున్న, అంటే మా వైపు కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె మీదున్న, ఇళ్లన్నింటిదీ. నలుగురు ఒకేసారి 100 లాగితే గిన్నె ఖాళీ. ఆ నోడ్ మీద ఎన్ని ఇళ్లున్నాయో మీ అబ్బాయిని అడిగితే వెనక వీధి కూడా దీని మీదే అన్నాడు, అంకె మాత్రం చెప్పలేదు. వెనక వీధిలో కరెంటు పోయిన రెండు రాత్రులు నాకు 50 ఎందుకు దాటిందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

అప్‌లోడ్ కథ ఇంకా కష్టం. అదే కేబుల్లో దానికి కేటాయించింది అడుగున ఒక ఇరుకు సందు. పైగా ప్రతి ఇంట్లోని చెత్త చప్పుడూ ఆ సందులోకే చేరుతుంది. ఒక ఇంట్లో జాయింటు వదులైతే, ఒక ఇంట్లో ఊడదీసిన టీవీ వైరు కొస గాలికి వేలాడుతుంటే, ఆ గోల వీధి మొత్తం అప్‌లోడ్‌ని చెడగొడుతుంది. అంటే నేను నా ఇంటి జాయింట్లన్నీ మార్పించుకున్నా, నాలుగిళ్ల అవతల ఎవరో ఖాళీ చేసి వెళ్లిన పోర్షన్లో తెగిన వైరు నా పాఠాన్ని ఆపగలదు. అది నేను వెతకలేను. మీరు వెతకాలి.

జాయింటు అంటే గుర్తొచ్చింది. వాన పడిన మర్నాడు మోడెం పేజీలో సిగ్నల్ మైనస్ 4 ఉండేది మైనస్ 13కి పడింది. మీ అబ్బాయి వచ్చాడు, పైకెక్కాడు, నేనూ వెనకాలే ఎక్కాను. పిట్టగోడ దగ్గర కనెక్టరు విప్పి చూపించాడు. మధ్యలో మెరవాల్సిన రాగి తీగ పచ్చగా చిలుం పట్టి ఉంది, వేలితో రాస్తే పొడి రాలింది. సముద్రం మాకు ఎంతో దూరం లేదు, తుమ్మలపెంట వైపు నుంచి ఉప్పుగాలి ఏడాది పొడుగునా కొడుతుంది. ఈ ఊళ్లో గేటు మడతబందులే రెండేళ్లకి తుప్పు పడతాయి, సాదా కనెక్టరు ఎన్నాళ్లు ఆగుతుంది? ఆ పిల్లాడు తీగ కొస కత్తిరించి, కొత్త కనెక్టరు బిగించి, దాని మీద ఇన్సులేషన్ టేపు చుట్టి, జేబులోంచి పాల కవరు తీసి దానికి తొడిగి దారంతో కట్టాడు. "నీళ్లు దిగకుండా ఏదో గమ్ము గొట్టాలు ఉంటాయంట మేడం, మాకు ఈరు" అన్నాడు. సిగ్నల్ మైనస్ 5కి వచ్చింది. పనివాడు మంచివాడే. అతనికి పాల కవరు తప్ప ఇంకేమీ ఇవ్వని పైవాళ్ల గురించే నా మాట.

కరెంటు సంగతి కూడా అంతే. మా ఇంట్లో ఇన్వర్టరుంది, మోడెం వెలుగుతూనే ఉంటుంది, నెట్టు ఉండదు. వీధి చివర స్తంభం మీద సిగ్నల్‌ని పెంచే ఆంప్లిఫయరుకి కరెంటు ఒక ఇంటి మీటరు నుంచి ఇచ్చారు. ఆ ఇంట్లో పోతే అందరికీ పోయినట్టే. దానికి ఒక బ్యాటరీ పెట్టమని మూడుసార్లు అడిగాను.

ఇప్పుడు ఆ "పైన" సంగతి. ట్రేస్‌రూట్ అని ఒక కమాండు ఉంది. మన ఇంట్లోంచి బయల్దేరిన కబురు ఏయే గుమ్మాలు తొక్కుతూ ఎంతసేపట్లో పోతోందో చూపిస్తుంది. మొదటి గుమ్మం మీ కంట్రోల్ రూం. ఉదయం ఆరుకి ఆ గుమ్మం తాకి రావడానికి 9 నుంచి 11 మిల్లీసెకన్లు. రాత్రి తొమ్మిదికి 120 నుంచి 180. అక్కణ్ణించి చెన్నై దాకా అదనంగా పట్టేది ఉదయమూ రాత్రీ ఒకటే, ఏడెనిమిది మిల్లీసెకన్లు. స్పీడు కూడా రెండు రకాలుగా కొలిచాను, యాప్ తనంతట తాను పట్టుకునే మీ సొంత సర్వరుకి ఒకసారి, నేను ఎంచుకున్న చెన్నై సర్వరుకి ఒకసారి. నోట్‌బుక్కులో ముప్పై రాత్రులున్నాయి. నాలుగు బాగున్నాయి. మూడు రాత్రులు మీ సర్వరుకి మంచి వేగం, చెన్నైకి నీరసం. ఆ మూడు రోజులూ మీ అబ్బాయి చెప్పింది అక్షరాలా నిజం, పైనుంచే ప్రాబ్లం. మిగతా ఇరవై మూడు రాత్రులు రెండింటికీ ఒకటే నీరసం, మొదటి గుమ్మం దగ్గరే ఆలస్యం. అంటే ప్రాబ్లం మా పిట్టగోడకీ మీ కంట్రోల్ రూముకీ మధ్య ఉన్న ఆ నోడ్ దగ్గరే. పైనా కాదు, మా ఇంట్లోనూ కాదు. ఆ నోడ్‌ని రెండుగా చీల్చి వెనక వీధిని విడదీయాలి, లేదంటే ఛానళ్లు పెంచాలి, అదీ కాకపోతే మా వీధికి ఇంటింటికీ ఫైబరు లాగాలి. మూడూ డబ్బుతో కూడిన పనులు. ఆపరేటరు గారి చేతిలో లేనివి, యాజమాన్యం సంతకం కావలసినవి. అందుకే ఉత్తరం ఇద్దరికీ కలిపి రాశాను, ఒకరు ఇంకొకరి వైపు చూపించే వీలు లేకుండా.

న్యాయంగా ఇంకో మాట. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు మీ లైను చాలా రోజులు లేదు. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. స్తంభాలు ఒరిగాయి, చెట్లు వైర్ల మీద పడ్డాయి, మీ పిల్లలు మోకాలి లోతు నీళ్లలో కేబుల్ చుట్టలు భుజాన వేసుకుని తిరగడం మా మేడ మీంచి చూశాను. ఆ రోజుల్లో నెట్ ఎప్పుడొస్తుందని అడగడానికే సిగ్గేసింది. కానీ మొన్న ఎండ కాస్తుండగా, గాలి లేకుండా, వాన లేకుండా, ఐదు పనిదినాలు పూర్తిగా పోయింది. అప్పుడూ తుఫాను నాటి ఓపికే చూపించమంటే ఎలా?

ఆ ఐదు రోజులకి నాకు రావలసింది ఒకటుంది. 2006లో ట్రాయ్ పెట్టిన బ్రాడ్‌బ్యాండ్ నాణ్యతా నిబంధనల్లోనే రాసి ఉండేది: పోయిన లైను మూడు పనిదినాలు దాటి ఏడులోపు బాగైతే ఏడు రోజుల అద్దె వెనక్కి, ఏడు దాటితే పదిహేను రోజులది, పదిహేను కూడా దాటితే నెలది. రద్దీ వేళలో లింకులు ఎనభై శాతానికి మించి నిండకూడదని కూడా అందులోనే ఉండేది. 2024 అక్టోబరు 1 నుంచి వాటి స్థానంలో కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి, అవి కూడా మీ ఆఫీసులో ఎవరో ఒకరు చదివే ఉంటారు. ఆ పాత లెక్కన ఏడు రోజుల అద్దె అంటే నా ప్లానులో 137 రూపాయలు. ఆ డబ్బు లేక నా ఇల్లు గడవకపోదు. అడిగితే మీ ఆఫీసులో అమ్మాయి "అలాంటి ఆప్షన్ సిస్టంలో లేదు మేడం" అంది. డిపాజిట్టు ఉన్న సిస్టంలోనే ఇది లేదన్నమాట.

కంప్లయింటు నంబరు కూడా అంతే. ఫోన్ చేసిన ప్రతిసారీ డాకెట్ నంబరు ఇవ్వాలి, దానితో తృప్తిపడకపోతే కంపెనీ అప్పీలు అధికారికి రాసుకోవచ్చు, అప్పీలు 39 రోజుల్లో తేల్చాలి. ఇవన్నీ 2012 నుంచీ ఉన్న రూల్సే. మా దగ్గర మాత్రం "వాట్సాప్‌లో పెట్టండి మేడం, చూస్తాం". రెండు నీలం టిక్కులు పడతాయి. నీలం టిక్కు పట్టుకుని ఏ అధికారి దగ్గరికి పోను?

బ్రాడ్‌బ్యాండ్ అంటే చట్టం ప్రకారం 2 ఎంబీపీఎస్ వస్తే చాలట కదా అని మీ వాడొకడు తెలివిగా అన్నాడు. నిజమే, 2013లో 512 కేబీపీఎస్‌గా ఉన్న కనీస వేగాన్ని 2023 జనవరిలో 2 ఎంబీపీఎస్ చేశారు. ముప్పై అయిదు వస్తే పాస్ అవుతారు గదా అని మా పిల్లలకి నేను నూరు మార్కుల ఫీజు తీసుకుని ముప్పై అయిదుకి చదువు చెప్తే మీ ఆపరేటరు గారు ఊరుకుంటారా? ఆయన చిన్న కూతురు నా పదో తరగతి బ్యాచ్‌లోనే ఉంది.

కనెక్షన్ మార్చుకోవచ్చుగా అంటారు. మా వీధిలో ఇంకో ఇద్దరు ఫైబరువాళ్లు కాగితాలు పంచిపోయారు. మార్చుకోవచ్చు. కానీ నా డబ్బు ఇంకా నాలుగు నెలలు మీ దగ్గరుంది, రసీదు లేని 1,500 మీ దగ్గరుంది, పైగా ఆపరేటరు గారి కుటుంబంతో నా పెళ్లి నాటి నుంచి ముఖపరిచయం. వాళ్ల నాన్నగారు సైకిలు మీద వచ్చి కేబుల్ డబ్బులు కార్డు మీద టిక్కు పెట్టి తీసుకునేవారు. ఆ టిక్కుకి ఉన్న విలువ ఇప్పటి సిస్టంకి లేదు. పోనీ నేను మారినా, వెనక వీధి కుట్టుమిషనావిడ, ఎదురింట్లో వర్క్ ఫ్రం హోం చేసే పిల్లలు, అందరూ ఆ నోడ్ మీదే మిగులుతారు.

అందుకని నేను అడిగేది ధర తగ్గించమని కాదు. ఆ ఫ్లెక్సీలో 100 అని అరచెయ్యంత రాసిన చోట రాత్రి తొమ్మిది గంటలకి మా నోడ్ మీద ఎంత వస్తుందో అది రాయండి. 20 అయితే 20 అని. అప్‌లోడ్ కూడా, అంతే పెద్ద అంకెలో. దాని కింద జీఎస్టీతో కలిపిన ధర. అది చూసి కొనేవాళ్లు కొంటారు, నేను కూడా కొంటానేమో, 20కి తగ్గ ధరైతే. కాదు, 100 అనే రాస్తామంటే నోడ్ చీల్చండి. ఏ నోడ్ మీద ఎన్ని కనెక్షన్లున్నాయో బిల్లు మీద ఒక అంకె వేయడానికి సిరా ఎక్కువ ఖర్చుకాదు. కంప్లయింటుకి నంబరు, డిపాజిట్టుకి రసీదు, పోయిన ఐదు రోజులకి 137 రూపాయలు. లైను అబ్బాయిలకి వాన నీళ్లు దిగని కనెక్టర్లు, ఒక నిచ్చెన. ప్రస్తుతం మా ఇంటి నిచ్చెనే వీధి మొత్తం తిరుగుతోంది.

ఈ లెక్కలో నేను తప్పు చేశానని మీకు అనిపిస్తే వచ్చి చూపించండి, దిద్దుకుంటాను, అది నా వృత్తి. నోట్‌బుక్కు ఇంట్లోనే ఉంటుంది. కాకపోతే రాత్రి తొమ్మిదికి రండి. మొన్న మీ ఇంజినీరు గారు పొద్దున పదకొండుకి వచ్చి, మోడెంకి వైరు పెట్టి, "97 వస్తోంది కదా మేడం" అని ఫోటో తీసుకుని వెళ్లారు. తొమ్మిదికి వస్తే ఎనిమిదిన్నర బ్యాచ్ నడుస్తూ ఉంటుంది, చప్పుడు చేయకుండా వెనక గదిలో కూర్చోవచ్చు. కాఫీ మా అత్తయ్య ఇస్తుంది. పాల కవరు కట్టిన జాయింటు చూడాలంటే మేడ మీద లైటు వేస్తాను.

ఇట్లు,
ఆరు నెలల ప్లానులో రెండు నెలలు అయిన మీ వినియోగదారురాలు,
కావలి, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా